అమ్మ చేసిన ప్యాకెట్ నూడుల్స్ రుచి నాకెందుకు రావడం లేదు?

పెద్దమ్మాయి:

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే కానీ ఆరు నెలలుగా నన్ను వదలడం లేదు.

మా అమ్మ నర్సు. వారంలో మూడు రాత్రులు డ్యూటీ ఉండేది. ఆ మూడు రోజులూ మా ఇంట్లో రాత్రి భోజనం ఒకటే, ప్యాకెట్ నూడుల్స్. ఆరున్నరకి పొయ్యి వెలిగించేది. అప్పటికే యూనిఫాం వేసుకుని, జుట్టు పిన్నులతో పైకి బిగించుకుని, మరకలు పడకుండా పైన నాన్న పాత చొక్కా ఒకటి తొడుక్కుని ఉండేది. ఒక ఉల్లిపాయ సన్నగా తరిగి, అంచులు నల్లబడేదాకా నూనెలో వేయించేది. ఫ్రీజర్లోంచి గుప్పెడు బఠాణీలు తీసి, కరగనివ్వకుండా అలాగే గిన్నెలో పడేసేది. చుయ్యిమని పెద్ద చప్పుడు, మొహం నిండా ఆవిరి. ఆ చప్పుడు వినడానికి మా తమ్ముడు చదువుతున్న పుస్తకం వదిలేసి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. తర్వాత నీళ్ళు, రెండు ప్యాకెట్ల నూడుల్స్, చివర్లో ఒక గుడ్డు కొట్టి పోసి గబగబా కలిపేది. నాకప్పుడు పదకొండేళ్ళు, వాడికి ఏడు. ఏడింటికల్లా వెళ్ళిపోయేది. "హోంవర్క్ అయ్యాకే తినండి, తమ్ముడికి ముందు పెట్టు" అని మెట్లు దిగుతూ కూడా చెప్పేది. నాన్న వచ్చేసరికి తొమ్మిదిన్నర.

అమ్మ ఈ ఏడాది మొదట్లో పోయింది. బంధువులందరూ ఇంట్లో ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం ఆమె వంటల గురించి మాటలొచ్చాయి. ఎవరికి గుర్తున్నది వాళ్ళు చెప్పుకుంటున్నారు. మా తమ్ముడు "నాకు అమ్మ నూడుల్స్ తినాలనుంది" అన్నాడు. దానికి ఒక పెద్దాయన "అదేం వంటరా, ప్యాకెట్ చించి నీళ్ళలో వేయడం కూడా వంటేనా" అన్నారు. ఆయనకి చెడు ఉద్దేశం ఉందని నేననుకోను. కానీ వాడు లేచి బయటికి వెళ్ళిపోయి చాలాసేపు రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి.

అప్పటినుంచి చేస్తున్నాను. అదే కంపెనీ, అమ్మ వాడిన అదే గిన్నె, ఉల్లిపాయ అలాగే నల్లగా వేయించడం, బఠాణీలు, గుడ్డు, అన్నీ అవే. రుచి రావడం లేదు. నేను చేస్తే పులుసు వేరుగా, నూడుల్స్ వేరుగా ఉంటాయి. ఉప్పు నాలిక మీద కొడుతుంది, లోపలికి పోదు. అమ్మది అలా ఉండేది కాదు. మెత్తగా, ఒకదానికొకటి అంటుకుని, తీపి కాని ఏదో తీపి. వచ్చే నెల తమ్ముడు ఇంటికొస్తున్నాడు. వాడికి పెట్టాలి. కంపెనీ వాళ్ళు ఏమైనా మార్చేశారా? లేక నేనే ఏదో వదిలేస్తున్నానా?

పిండి పరీక్ష:

నేను తిండి పదార్థాల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే విభాగంలో పనిచేస్తాను, అందుకని నాకు తెలిసింది చెప్తానండి.

ప్యాకెట్ మీద పేరు అదే ఉన్నా లోపల మారడం మామూలే. నూనె మారుతుంది, ఉప్పు తగ్గిస్తారు, మసాలాలో ఒక దినుసు బదులు ఇంకోటి వస్తుంది. అందుకని పూర్తిగా పాత రుచి రాకపోవచ్చు. కానీ మీరు చెప్పిన తేడా మసాలాది కాదనిపిస్తోంది. "ఉప్పు నాలిక మీద కొడుతుంది, లోపలికి పోదు" అన్నారు చూడండి, నన్ను పట్టుకున్నది ఆ మాట.

ఈ నూడుల్స్ ఎలా తయారవుతాయో ఒక్కసారి చూస్తే అర్థమవుతుంది. 1958లో జపాన్‌లో మొమొఫుకు ఆండో మొదటి ఇన్‌స్టంట్ నూడుల్స్ అమ్మకానికి తెచ్చాడు. ఆయన పట్టుకున్న కిటుకు నూనెలో ఉంది. ముందు నూడుల్స్‌ని ఆవిరి మీద ఉడికిస్తారు. తర్వాత సుమారు 150 డిగ్రీల నూనెలో ఒకటి రెండు నిమిషాలు వేయిస్తారు. లోపలున్న నీరంతా ఆవిరై ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. అది వచ్చిన దారులన్నీ సన్నటి కన్నాలుగా మిగిలిపోతాయి. మనం ఇంట్లో వేడినీళ్ళలో వేసినప్పుడు నీళ్ళు ఆ కన్నాల్లోంచే మళ్ళీ లోపలికి వెళ్తాయి. అంటే ప్యాకెట్లో ఉన్నది అప్పటికే ఉడికిన పదార్థం, మనం దానికి నీళ్ళు తాగిస్తున్నాం అంతే. ఎంత నీరు, ఎంతసేపు తాగింది అన్నదాని మీదే మొత్తం నడుస్తుంది.

అందుకని మూడు విషయాలు చెప్పండి. నీళ్ళు ఎన్ని పోసేవారు? మసాలా మొత్తం వేసేవారా? వండాక ఎంతసేపటికి తినేవాళ్ళు?

బఠాణీల విషయంలో మాత్రం అమ్మగారు చేసింది సరైన పనే. వాటిని గడ్డకట్టించే ముందే ఫ్యాక్టరీలో వేడినీళ్ళలో ఒక మునక వేసి తీస్తారు, రంగూ రుచీ చెడగొట్టే ఎంజైములు ఆగిపోవడానికి. సగం పని అక్కడే అయిపోతుంది కాబట్టి కరిగించి పెట్టుకుంటే మెత్తబడి చప్పగా అయిపోతాయి. నేరుగా వేడి గిన్నెలో పడాలి.

రెండు గరిటెలు:

తల్లీ, నేను అవతలి వైపు నుంచి చెప్తాను. నేను ప్యాకెట్ చించిన అమ్మని.

నేనూ ఉద్యోగం చేశాను, ముగ్గురు పిల్లలు. వారంలో రెండు రోజులు పొడి సూపు చేసేదాన్ని. నలుగురికి అని రాసి ఉన్న ప్యాకెట్ని ఆరుగురికి సరిపెట్టాలి కదా. ఒక బంగాళదుంప ఉడకబెట్టి, గరిటెతో నలిపి అందులో కలిపితే చిక్కబడేది. పిల్లలకి అది నా సొంత సూపు. ఖాళీ ప్యాకెట్‌ని చెత్తబుట్టలో పైన వేసేదాన్ని కాదు. కూరగాయల తొక్కల కింద, ఎవరికీ కనబడకుండా అడుగున పెట్టేదాన్ని. మా అత్తగారు చూస్తారని కాదు, ఆవిడ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. నాకే మనసు ఒప్పేది కాదు. వండిపెట్టలేకపోతున్నానని ఎన్ని రాత్రులు బాధపడ్డానో.

ఇప్పుడు మా పెద్దవాడు ఫోన్ చేసి "ఆ దుంప సూపు ఎలా చేస్తావమ్మా" అని అడుగుతాడు. మొదటిసారి అడిగినప్పుడు ప్యాకెట్ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పాక వాడు "తెలుసులే, ప్యాకెట్లు మేం చూసేవాళ్ళం, ఎన్ని వేశావో లెక్కపెట్టుకునేవాళ్ళం" అన్నాడు. నేను ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

అందుకని మీ తమ్ముడితో ఆయన అన్న మాటని మీరు పట్టించుకోకండి. రాత్రంతా నిలబడి పనిచేయాల్సిన మనిషి, ముందు పొయ్యి దగ్గర నిలబడి ఉల్లిపాయ అంచులు నల్లబడేదాకా ఆగింది. అది వంట కాదని ఎవరంటారు?

ఇక మసాలా సంగతి. నేనైతే సగమే వేసేదాన్ని. చిన్నపిల్లలకి అంత ఘాటు, అంత ఉప్పు వద్దని. మీ అమ్మగారు నర్సు కాబట్టి ఆవిడా అలాగే చేసి ఉంటారు. ఒకసారి ఇంట్లో వెతుకు తల్లీ, మిగిలిన సగాలు ఎక్కడో దాచి ఉంటుంది. మేం ఏదీ పారేయం.

పెద్దమ్మాయి:

అమ్మా, మీరు రాసింది చదివి నేరుగా వంటింట్లోకి వెళ్ళాను. పైఅరలో, పిండి డబ్బాల వెనక, ఒక పాత కాఫీ సీసా ఉంది. అది అక్కడ ఉందని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, ఎప్పుడూ తెరవలేదు.

మూత బిగుసుకుపోయింది. గుడ్డ పెట్టి తిప్పితే వచ్చింది. లోపల వెండిరంగు మసాలా ప్యాకెట్లు ఏడు, ఒక్కొక్కటీ చించిన చోట మూడు మడతలు పెట్టి ఉన్నాయి. మడత మీద గాయానికి వేసే ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది. ఆ ముక్క మీద నీలం పెన్నుతో తేదీ. ఆసుపత్రిలో మందు సీసా తెరిచినప్పుడు తేదీ రాసే అలవాటు ఆమెది, ఇంట్లో పచ్చడి జాడీకి కూడా రాసేది. లోపలి పొడి గడ్డకట్టి గులకరాళ్ళలా అయింది. చివరి తేదీ పోయిన ఏడాదిది. అంటే మేమెవరం ఇంట్లో లేకపోయినా ఆమె ఒక్కతే చేసుకుని తింటోంది, ఇప్పటికీ సగమే వేసుకుంటోంది.

కాసేపు ఏమీ రాయలేకపోయాను. క్షమించండి.

సగం మసాలాతో నిన్న మళ్ళీ చేశాను. ఉప్పు తగ్గింది, దగ్గరికి వచ్చింది, కానీ ఇంకా అది కాదు. నీళ్ళు ఆమె కొలిచేది కాదు, గిన్నెలో సగానికి కొంచెం పైన. తినే సమయం సంగతి నాకు సరిగ్గా గుర్తులేదు, నాన్నని అడిగి చెప్తాను.

ఉప్పు లెక్క:

అక్కా, మీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ ఇక్కడ అందరూ ఒకేలా మాట్లాడుతుంటే నాకు ఇంకో మాట చెప్పాలనిపించింది. తప్పుగా అనుకోకండి.

మా అమ్మ నా చిన్నతనంలో నాలుగేళ్ళు మంచం మీద ఉంది. నాన్న పని నుంచి వచ్చేసరికి రాత్రి అయ్యేది. తొమ్మిదేళ్ళప్పటినుంచి మా ఇంట్లో డబ్బాలు తెరిచేది నేనే. డబ్బా చిక్కుళ్ళు, డబ్బా బఠాణీలు, డబ్బా చేప. ఒకరోజు ఓపెనర్ కనబడక కత్తితో పొడిచి తెరిచాను. ఎడమ బొటనవేలి మీద ఆ గీత ఇప్పటికీ ఉంది. పెద్దయ్యాక ఎక్కడో చదివాను, ఇంగ్లండ్‌లో రేకు డబ్బాకి 1810లో పేటెంట్ వచ్చింది, దాన్ని తెరిచే పరికరాలకి పేటెంట్లు 1850ల్లో గానీ రాలేదు, అప్పటిదాకా ఉలి, సుత్తి పెట్టి కొట్టేవారు అని. అది చదవగానే నా చెయ్యి నా బొటనవేలి మీదకే పోయింది.

ఆ డబ్బాలోని ఆకుపచ్చ నీళ్ళ వాసన ఇప్పటికీ నాకు పడదు. బఠాణీలు ఎక్కడ కనిపించినా మా ఇంటి చీకటి గది గుర్తొస్తుంది. మా నాన్నకి తర్వాత బీపీ వచ్చింది. డబ్బా తిండి వల్లే వచ్చిందని నేననను, బీపీకి కారణాలు చాలా ఉంటాయి. కానీ డాక్టరు ఉప్పు తగ్గించమన్నప్పుడు మొదటిసారి డబ్బాల వెనక రాసింది చదివాను. రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే ఒక టీస్పూను కన్నా తక్కువ. డబ్బాల మీద ఉప్పు అని కాకుండా సోడియం అని రాస్తే దాన్ని రెండున్నరతో గుణించాలి, అప్పుడు ఉప్పు ఎంతో తెలుస్తుంది. ఆ లెక్క తెలియక మేం ఎన్నేళ్ళు తిన్నామో.

ఇప్పుడు నేను మా పాపకి రోజూ తాజాగానే వండుతాను. అలసిపోయినా సరే. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, డబ్బా తెరిచే చప్పుడు నేను వినలేను.

మీ అమ్మగారు ఆ సగం మసాలా పక్కన పెట్టడం చదివినప్పుడు మాత్రం నాకు గొంతు పట్టేసింది. మా ఇంట్లో కూడా ఎవరైనా నిలబడి ఉంటే అలాగే పక్కన పెట్టేవారేమో. బఠాణీల చప్పుడు వినడానికి ఒక పిల్లాడు పరిగెత్తుకొచ్చేవాడంటే ఆ ఇంట్లో ఆ తిండి వేరు.

రెండు గరిటెలు:

బాబూ, తొమ్మిదేళ్ళకి ఇల్లు మోశావు. మీ పాప అదృష్టవంతురాలు. అలసిన రోజు మాత్రం ఒక గుడ్డు ఉడకబెట్టి బ్రెడ్డుతో పెట్టు, అదీ తాజా వంటే.

పెద్దమ్మాయి:

తమ్ముడూ, మీరు రాసినందుకు సంతోషం. తప్పుగా ఎందుకు అనుకుంటాను.

నాన్నతో మాట్లాడాను. ఆయనకి ఇప్పుడు మాటలు కొంచెం నెమ్మది. నూడుల్స్ గురించి అడిగితే మొదట "నాకేం తెలుసు, నేనొచ్చేసరికి అడుగున అట్ట కట్టి ఉండేవి" అన్నారు. అట్ట ఏంటి నాన్నా అన్నాను. "గిన్నె మీద పళ్ళెం బోర్లించి, దాని మీద నీళ్ళ చెంబు పెట్టి వెళ్ళేది మీ అమ్మ. మీరిద్దరూ ఎనిమిదిన్నరకి గానీ తినేవాళ్ళు కాదు. నాకు ఉంచింది తీస్తే కేకులా ఊడొచ్చేది" అన్నారు.

చెంబు! అది నేను పూర్తిగా మర్చిపోయాను. నేనే కదా దాన్ని రెండు చేతులతో దించేదాన్ని, నీళ్ళు ఒలకకుండా. పళ్ళెం తీస్తే దాని లోపలివైపు నిండా నీటి బొట్లు ఉండేవి, తమ్ముడు వాటిని వేలితో గీసి బొమ్మలు వేసేవాడు. ఇన్ని నెలలు పొయ్యి దగ్గరే వెతికాను. మేం ఒక్కనాడు కూడా వేడిగా తినలేదు.

పిండి పరీక్ష:

దొరికిందండి!

మీరు పొయ్యి మీంచి దించిన రెండు నిమిషాలకే తింటున్నారు కాబట్టి మసాలా నీళ్ళు బయటే ఉన్నాయి, అందుకే నాలిక మీద కొట్టింది. గంటన్నర మూతపెట్టి ఉంచితే ఆ నీళ్ళన్నీ కన్నాల్లోంచి లోపలికి పోతాయి. పిండిపదార్థం ఉబ్బుతూనే ఉంటుంది, కొంత బయటికొచ్చి మిగిలిన నీటిని జిగురుగా చేస్తుంది. మీరు చెప్పిన అంటుకోవడం అదే. చల్లారేకొద్దీ ఆ జిగురు గట్టిపడుతుంది, మీ నాన్నగారి కేకు అదన్నమాట. తీపి కాని తీపి అన్నారే, ఆ పేరు లేని రుచికి 1908లో కికునే ఇకెడా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త ఉమామి అని పేరు పెట్టాడు. సముద్రపు నాచు కాచిన రసంలో అది గ్లుటమేట్ వల్ల వస్తుందని పట్టుకున్నాడు. చాలా మసాలా ప్యాకెట్లలో అది ఉంటుంది, మీ బఠాణీల్లోనూ కొంత సహజంగా ఉంటుంది. నల్లగా వేగిన ఉల్లిపాయ తీపి దానికి తోడైతే ఇంకేం కావాలి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. గుడ్డు వేసిన వంటని బయట రెండు గంటలకి మించి ఉంచకండి. మీ గంటన్నర ఫరవాలేదు. నాన్నగారి వాటాని మాత్రం ముందే విడిగా తీసి ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు బాగా పొగలొచ్చేలా వేడి చేయండి.

ఇది చదువుతున్న మిగతావాళ్ళకి ఒక మాట. ఇంట్లో వండే పెద్దవాళ్ళు ఉంటే, వాళ్ళని కొలతలు అడగకండి, చెప్పలేరు. వంట మొదలెట్టే ముందు ఉప్పు డబ్బా, నూనె సీసా, పిండి డబ్బా వంటింటి కాటా మీద తూచి రాసుకోండి. వంటయ్యాక మళ్ళీ తూచండి. తేడాయే కొలత. పొయ్యి వెలిగించిన టైమూ, ఆపిన టైమూ రాయండి. ఇక నుంచి నేను దీనికి ఇంకో గడి కలుపుతాను, తిన్న టైము.

పెద్దమ్మాయి:

తమ్ముడు నిన్న వచ్చాడు.

ఆరున్నరకి మొదలుపెట్టాను. బఠాణీలు గిన్నెలో పడ్డ చప్పుడుకి వాడు ముందుగదిలోంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. సగం మసాలా వేసి, మిగతా సగం మూడు మడతలు పెట్టి, ప్లాస్టర్ అంటించి తేదీ రాశాను. అది చూసి వాడు ఆ కాఫీ సీసా ఎక్కడుందో తనే వెళ్ళి తెచ్చాడు. వాడికి తెలుసట. చిన్నప్పుడు దొంగతనంగా ఆ పొడి వేలితో అద్దుకుని నాకేవాడట.

పొయ్యి ఆపి పళ్ళెం బోర్లించి, చెంబులో నీళ్ళు నింపి పైన పెట్టాను. ఏడు కావస్తోంది. ఇద్దరం ముందుగదిలో కూర్చున్నాం. హోంవర్క్ లేదు కాబట్టి అమ్మ కాగితాలు ముందేసుకుని సర్దాం, కరెంటు బిల్లులు ఒకవైపు, ఆసుపత్రి గుర్తింపు కార్డులు ఒకవైపు. మధ్యలో వాడు రెండుసార్లు లేచి గడియారం చూశాడు.

ఎనిమిదిన్నరకి చెంబు నేను దించాను. పళ్ళెం వాడు తీశాడు. తిరగేసి, లోపలి బొట్ల మీద వేలితో ఏదో గీశాడు, నాకు చూపించలేదు.

ముందు వాడికే పెట్టాను.